యంత్రాలకు నిద్ర నేర్పిన దుమ్ముకారు

మొదటి రాత

బుడంకాయా, ఊరి రోజువారీ రాతల్లో నీ వంతు ఇక నేను రాయాలట.

పోయినవాళ్ళ కుర్చీలో కొత్తవాళ్ళు వచ్చి కూర్చునేదాకా ఆ కుర్చీ వంతు ఇంట్లోవాళ్ళదేనని మస్తాన్ గుర్తుచేశాడు. నీ పక్క కుర్చీలో పనిచేసిన మస్తానే. నాది ఐదో తరగతి చదువు, నేనేం రాస్తానురా అన్నాను. రోజూ ఊళ్ళో ఏం జరిగిందో రాయి పెద్దమ్మా, లెక్కలు నేను చూసుకుంటా అన్నాడు. అందుకే వంటశాలలో పలక ముందేసుకుని ఒక్కో అక్షరం వేలితో దిద్దుతున్నాను.

ఇది చదివేవాళ్ళకు ఒక మాట. నా పేరు వెంగమ్మ. వంటశాల, నారుమడి నా పనులు. మధ్యమధ్యలో పోయిన నా కూతురు సుభాషిణితో, నా బుడంకాయతో, మాట్లాడుకుంటాను. ఏమీ అనుకోవద్దు.

ఇక ఈరోజు సంగతి. దుమ్ముకారు, అదే దుమ్ము లేచే కాలం, మొదలయింది. పై కిటికీలోంచి చూస్తే సూర్యుడు పాలల్లో వేసిన చిటికెడు పసుపులాగా ఉన్నాడు. రెండు చందమామల్లో ఒక్కటీ కనపడటం లేదు. కరెంటు ఇచ్చే ఎండ అద్దాలు తుడవడానికి పైకి పోయినవాళ్ళు, తుడిచి నిచ్చెన దిగేలోపే మళ్ళీ ఎర్రగా కమ్ముకుందని వచ్చి కూలబడ్డారు. బ్యాటరీ గదిలో ముల్లు అప్పుడే సగానికి వచ్చింది. ఏ దుమ్ముకారులోనూ ఇంత తొందరగా దిగలేదు.

అందుకని పొయ్యిలు ఆపేశారు. నానబెట్టిన అటుకులు, మొలకెత్తిన అలసందలు, ఊరగాయ. అదే ఊరందరికీ. మీ అంకమ్మత్త వడ్డిస్తూ, "వదినా, ఇంకో నెల ఇట్టా తిన్నామంటే మనకే మొలకలొస్తయ్" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక నీకు చెప్పాలనిపించింది.

పొయ్యిలు ఆపినా ముల్లు నిలవకపోతే తర్వాత ఆపేది నారుమడుల కింద వేడి. మడి చల్లబడితే నారు చస్తుంది. నారు చస్తే వచ్చే ఏడు ఊరికి తిండి లేదు. ఈ దుమ్ముకారులో అందరి కళ్ళూ ఆ ముల్లు మీదే ఉన్నాయి.

రెండో రాత

పొద్దున నీ కుర్చీ దగ్గరికి పోయాను. రోజూ పోతాను.

తెర వెలుగుతూనే ఉంది. నువ్వు ఆస్పత్రి గదికి పోతూ వదిలేసిన పేజీ అట్లాగే ఉంది. ఒక ప్రశ్న, దాని పక్కన మిణుకు మిణుకుమనే చిన్న గీత. "విద్యుత్ పొదుపు చేర్చాలా? అవును లేక కాదు." గీత వెలుగుతుంది, ఆరుతుంది. నువ్వు వచ్చి జవాబు చెబుతావని కాచుకుని ఉన్నట్టు ఉంటుంది.

మన ఊళ్ళో మనిషి పోతే కుర్చీ మూయడం అయినవాళ్ళ పని. పెద్దకర్మ నాడు తెర ముందు నిలబడి, పోయిరా అని చెప్పి తమ చేత్తో మూస్తారు. వేరేవాళ్ళు మూయరు, మూయమని అడగరు కూడా. నీ పెద్దకర్మ నాడు నేను కుర్చీ దాకా పోయి వెనక్కి వచ్చాను.

ఈరోజు కూడా తెర అంచు మీద చేత్తో రెండుసార్లు తట్టి వచ్చాను. పంపు కానీ, తలుపు కానీ, తెర కానీ, దాటిపోతూ ఒకసారి తట్టి ఉన్నావా అన్నట్టు పలకరించడం ఈ ఊరి అలవాటు. అది పచ్చదీపం చూపిస్తే ఉన్నట్టు. పసిపిల్లలకు మాటలకన్నా ముందు ఇదే వస్తుంది. నువ్వయితే పాకుతూ పోయి నీళ్ళ పంపును తట్టి, పచ్చదీపం రాగానే నా వైపు తిరిగి చూసేదానివి.

ముల్లు ఇంకొంచెం దిగింది.

మూడో రాత

మస్తాన్ వంటశాలకు వచ్చి కూరగాయల గంప పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ఊరగాయకు ఉంచిన చిక్కుడుకాయల ఈనెలు తీశాడు. వాడు ఏదో అడగాలనుకుని అడగలేకపోతున్నాడని తెలిసిపోయింది.

"పెద్దమ్మా, సుభాషిణి కుర్చీ మూయాల" అన్నాడు చివరికి.

ఎందుకని అడిగాను. కెర్నల్ మార్చాలి కాబట్టి అన్నాడు. ఆ మాట నీ నోటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. అదేమిటని ఏనాడూ అడగలేదు. ఈరోజు అడిగాను.

"ఇక్కడ గరిటె నీ చేతిలో ఉంటది గదా. ఎవరికి అన్నం కావాలన్నా నిన్నే అడగాల. నువ్వు పెడితేనే పళ్ళెంలోకి వస్తది. ఊళ్ళో యంత్రాలకి కెర్నల్ అంతే. పంపు తిరగాలన్నా, తలుపు తెరుచుకోవాలన్నా దాన్నే అడగాల."

"బాగుంది. మరి అందరూ తిని పోయాక అదేం చేస్తది?"

వాడు ఈనె తీయడం ఆపి నా మొహంలోకి చూశాడు. "ఖాళీ గరిటె తిప్పతా నిలబడతది పెద్దమ్మా. కింద కుండ లేకపోయినా తిప్పతానే ఉంటది. దానికి ఆగటం రాదు. దాన్ని చూసి పంపులు, తలుపులు, దీపాలు కూడా ఆగవు. బ్యాటరీలో సగం ఆ ఖాళీ గరిటెలకే పోతంది."

నాకు నవ్వొచ్చింది. ఇంత పెద్ద ఊరిని నడిపేదానికి, పనిలేనప్పుడు కాసేపు నడుం వాల్చడం చేతకాదంటే నమ్మబుద్ధి కాలేదు. ఎవరూ నేర్పలేదా అన్నాను.

నేర్పారట. మొదట వచ్చినవాళ్ళ కాలంలో ఉండేదట. ఒకసారి కింది వసారాలో జనం కదలకుండా పడుకుని ఉంటే, ఇక్కడ పనేమీ లేదనుకుని పీల్చే గాలి పంపే ఫ్యాను కూడా నిద్రపోయింది. మళ్ళీ లేవలేదు. ఆ వసారాలో పడుకున్నవాళ్ళూ లేవలేదు. వాళ్ళలో పేరయ్య బాబాయి తండ్రి ఒకడు. ఆ తర్వాత పెద్దలంతా చేరి కెర్నల్‌లోంచి నిద్ర అనేదాన్నే తీయించేశారు. మనం అన్నింటినీ తట్టి పలకరించడం కూడా ఆనాడే మొదలయిందట. ఎందుకు తట్టాలో తెలియకుండానే ఇన్నేళ్ళు తట్టాను, చూడు.

నువ్వు మొదలుపెట్టింది ఆ నిద్రను తిరిగి చేర్చే పని. అంతా సిద్ధం చేసి, ఆ ప్రశ్న దగ్గర దగ్గు ఎక్కువై లేచిపోయావు.

వేరే కుర్చీ నుంచి చేయలేవా అని అడిగాను.

"చెయ్యొచ్చు. నా కుర్చీ నుంచే అయిపోద్ది. కానీ కొత్త కెర్నల్ ఎక్కాలంటే ఊళ్ళో ఉన్నయ్యన్నీ ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాల. ఆపితే తెరిచిన పేజీలన్నీ పోతయ్. తన పేజీ కూడా పోద్ది. అప్పుడు తన కుర్చీ నేను మూసినట్టే గదా."

నిద్రపోవడానికీ ఆగిపోవడానికీ తేడా ఏమిటో ముందు నాకు చూపించు అన్నాను.

నాలుగో రాత

చూపించాడు.

నువ్వు పరీక్ష చేసుకునే చిన్న పెట్టె ఒకటి ఉందట. అరచేతి మందాన ఉంది. మధ్యాహ్నం పళ్ళేలు కడిగాక వంటశాల బల్ల మీద పెట్టాడు. పెట్టె ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకుంటూ పోతోంది. లోపల చిన్న ఫ్యాను గుయ్యిమంటోంది. మస్తాన్ ఏదో నొక్కాడు. ఫ్యాను ఆగింది, అంకెలు పోయాయి. మూలన ఆవగింజంత దీపం మాత్రం ఉంది.

"తట్టు" అన్నాడు.

తట్టాను. లేచింది. ఎక్కడ ఆపిందో ఆ తర్వాతి అంకె నుంచి మొదలుపెట్టింది.

ఈసారి తీగ పీకేశాడు. మళ్ళీ తగిలించి తట్టమన్నాడు. లేచింది కానీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. అంతకుముందు లెక్కపెట్టిన సంగతే దానికి తెలియదు.

మళ్ళీ చేయమన్నాను. మళ్ళీ చేశాడు. నేనే చేస్తానన్నాను. నాకు విసుగు రాలేదు. అంకమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, మేనత్తకు కూడా ఒకసారి ఇవ్వండి అని లాక్కుంది.

"పడుకున్నప్పుడు ఆ అంకె ఎవరు గుర్తుపెట్టుకుంటన్నారు?" అని అడిగాను.

"జ్ఞాపకానికి మటుకు సన్నగా కరెంటు పోతానే ఉంటది పెద్దమ్మా. ఒక చెవి వాకిట్లో పెట్టుకునుంటది, ఎవరన్నా తడతారేమోనని. మిగతా ఒళ్ళంతా పడుకుంటది. ఫలానా వేళకి లేపమని గడియారానికి చెప్పి కూడా పడుకోవచ్చు."

"గడియారం మరిచిపోతే?"

"అదే పేరయ్య తాత భయం."

సన్నగా కరెంటు పోతూ ఉండటం అనే మాట నన్ను వదల్లేదు. నువ్వు చిన్నప్పుడు నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. వేలికి సన్నగా వెచ్చగా తగిలేది. ఆ మాత్రం చాలు, లేస్తావని తెలిసేది. ఆస్పత్రి గదిలో ఆరోజు కూడా అట్లాగే వేలు పెట్టాను. డాక్టరమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు. నా వేలికే తెలిసిపోయింది.

ఒక్క విషయం మాత్రం ఎంత ఆలోచించినా మింగుడు పడలేదు. నిద్ర నేర్పితే ఇక ఏదీ మరిచిపోకుండా పడుకుంటుంది. కానీ నేర్పడానికి మటుకు ఒక్కసారి అంతా మరిచిపోవాలి. వేరే దారి లేదా అంటే మస్తాన్ తల అడ్డంగా ఊపాడు. వాడి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. నేను చూడనట్టు పళ్ళేలు సర్దాను.

ఐదో రాత

పెద్ద వసారాలో అందరూ కూడారు. పేరయ్య బాబాయి ముందుగానే వచ్చి గాలి ఫ్యాను కింద చాప వేసుకుని కూర్చున్నాడు.

మస్తాన్ చెప్పినంతసేపూ చెప్పాడు. ఇప్పుడు ఏ యంత్రం పడుకోవాలో విడివిడిగా చెప్పొచ్చనీ, గాలి ఫ్యాన్లను నిద్ర జాబితాలో కలపబోమనీ, పంపులు, తలుపులు, దీపాలు, తెరలు మాత్రమే పని లేనప్పుడు పడుకుంటాయనీ అన్నాడు. బాబాయి వింటున్నాడో లేదో తెలియలేదు. అంతా అయ్యాక, యంత్రం పక్కన నిద్ర అనే మాట ఈ వసారాలో విని చాలా కాలమైంది అన్నాడు.

నాకు అడగాలనిపించింది. "బాబాయ్, ఫ్యాను పడుకోకుండా నువ్వే పక్కన కూర్చుంటే?"

"కూర్చుంటానే. చచ్చేదాకా కూర్చుంటా. ఆగిందా, నా చేత్తో తిప్పతా." నా వైపు తిరిగాడు. "ఫ్యాను సంగతి అట్టా ఉంచు వెంగమ్మా. నీ కూతురి కుర్చీ మూయమని నేను చెప్పను. మడి చల్లబడినా చెప్పను. ఈడ ఎవురూ చెప్పరు."

అందరూ నేల చూపులు చూశారు. తిట్టినా బాగుండేది. పోనీ బలవంతం చేసినా బాగుండేది. మీటింగు అయిపోయి లేచిపోతూ ఒక్కొక్కరూ గోడ తెరను తట్టి పోయారు.

ముల్లు ఎర్రగీతకు వేలెడు దూరంలో ఉంది.

ఆరో రాత

ఈరోజు నారుమడి వేడి సగానికి తగ్గించారు. పొద్దున్నే మట్టిలో చెయ్యి పెడితే తడిగుడ్డ పట్టుకున్నట్టుంది. వరి నారు మెడలు వంచేసింది. అలసంద మొక్కలు ఆకులు ముడుచుకుని ఉన్నాయి. ఒకదాన్ని రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని కూర్చున్నాను. కొంచెం తలెత్తినట్టే అనిపించింది. ఊళ్ళో మనుషులందరూ వచ్చి కూర్చున్నా అన్ని మొక్కలకు చేతులు చాలవు.

లేచి మస్తాన్‌ను పిలిచాను. అంకమ్మ కూడా వెంట వచ్చింది.

నీ కుర్చీలో నేను ఎప్పుడూ కూర్చోలేదు. ఈరోజు కూర్చున్నాను. సీటు నీకు తగ్గట్టు పైకి ఉంది, నా కాళ్ళు నేలకు అందలేదు. గీత మిణుకుమంటూనే ఉంది.

"ఏ మీట నొక్కాలి?"

మస్తాన్ చూపించాడు. మూస్తున్నప్పుడు పోయిరా అనాలి కదా, నోరు రాలేదు. నువ్వు మొదలుపెట్టిన పనే చేస్తున్నానమ్మా అని మాత్రం అన్నాను. నొక్కాను. ప్రశ్న పైకి జరిగిపోయి దాని కింద ఇంకో ప్రశ్న వచ్చింది. తలుపులు పడుకోవచ్చా? అవును. పంపులు పడుకోవచ్చా? అవును. దీపాలు? అవును. గాలి ఫ్యాన్లు? అక్కడ మస్తాన్ నా చెయ్యి పట్టుకున్నాడు. చదువుకునే నొక్కుతున్నానురా అన్నాను. కాదు అని నొక్కాను.

కొత్త కెర్నల్ కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. తెర మీద వరసలు కింద నుంచి పైకి పరుగెత్తుతున్నాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు తిప్పుకోలేదు. ఇందులో సుభాషిణి రాసినవి ఏవి అని అడిగితే, వచ్చినప్పుడల్లా మస్తాన్ వేలితో చూపించాడు. అదిగో, అదిగో అంటూనే ఉన్నాడు. నువ్వు ఎంత రాశావే తల్లీ. ఇంట్లో మాత్రం ఏం చేశావే ఈరోజు అని అడిగితే, ఏం లేదమ్మా అనేదానివి.

తర్వాత ఊరంతా ఆపారు. పుట్టినప్పటి నుంచి చెవిలో ఉన్న రొద పోయింది. అది రొద అని కూడా పోయాకే తెలిసింది. గాలి ఫ్యాన్లు మాత్రం విడిగా పెట్టిన బ్యాటరీ మీద తిరుగుతున్నాయి. పెద్ద వసారాలో జనం పిల్లల్ని దగ్గరికి లాక్కుని నిలబడ్డారు. పేరయ్య బాబాయి ఫ్యాను కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

మళ్ళీ లేచాయి. ముందు దీపాలు, తర్వాత పంపులు, చివర తెరలు. నీ తెర కూడా లేచింది. ఖాళీగా ఉంది. మధ్యలో ఒకే మాట. "ఎవరు?"

నా పేరు చెప్పలేదు. నీ పేరూ చెప్పలేదు. అంకమ్మ నా భుజం పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది.

ఏడో రాత

ముల్లు ఆగలేదు.

మూడు పొద్దులు రాయలేదు, ముల్లునే చూస్తున్నాం. మునుపటికన్నా నెమ్మదిగా దిగుతోంది అంతే. మస్తాన్ తిండి మానేసి తెర ముందు కూర్చున్నాడు. అంతా సరిగ్గానే ఉంది, పడుకుంటున్నాయి, పడుకున్న వెంటనే లేస్తున్నాయి, ఎందుకో తెలియదు అన్నాడు. పేరయ్య బాబాయి, చచ్చి బతికినా దాని బుద్ధి మారలా అన్నాడు. ఎవరూ నవ్వలేదు. దీనికోసమా నీ పేజీ పోగొట్టుకుంది అనుకున్నాను.

మధ్యాహ్నం మస్తాన్‌ను బలవంతంగా లేపి, తెరలో కనపడకపోతే యంత్రం దగ్గరే కూర్చుని చూద్దాం పద అన్నాను. నీళ్ళ పంపు ఉన్న వసారాలో ఇద్దరం గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఎవరూ లేరు. కాసేపటికి పంపు గొంతు తగ్గింది. ఇంకా తగ్గింది. పచ్చదీపం పోయి ఆవగింజంత దీపం వచ్చింది. మస్తాన్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. మొదటిసారి ఒక పంపు నిద్రపోవడం చూశాను బుడంకాయా. ఉయ్యాలలో పసిబిడ్డను చూస్తున్నట్టే ఉంది.

అప్పుడే అంకమ్మ అలసందల గిన్నె చంకన పెట్టుకుని వచ్చింది. తలుపును తట్టింది. తలుపు లేచింది. నడుస్తూ నడుస్తూ పంపును తట్టింది. పంపు ఉలిక్కిపడి లేచి తిరగడం మొదలుపెట్టింది. గోడ తెరను తట్టింది. అది వెలిగింది. పచ్చదీపాలన్నీ చూసుకుని తృప్తిగా పోతూ మమ్మల్ని చూసి, ఏంది ఇద్దరూ ఇట్టా కూర్చున్నారు అంది.

మస్తాన్ మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. వాడికి చెప్పడానికి నోరు రాకపోతే నేనే చెప్పాను, మనమే లేపుతున్నాం అంకమ్మా అని.

అంకమ్మకు కాస్త ఆలస్యంగా వెలిగింది. గిన్నె కింద పెట్టేసింది. "అంటే, బిడ్డను జోకొట్టి పడుకోబెట్టి, పడుకున్నావా అమ్మా అని బుగ్గ మీద కొట్టి అడగతన్నామా ఊరంతా" అంది. ఆ మాటకు నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ నా చెయ్యి దానంతట అదే పోయి పంపును తట్టింది.

ఎనిమిదో రాత

తట్టకుండా ఉండటం ఇంత కష్టమని తెలియదు. పెద్దవాళ్ళు ఎదురుపడితే పలకరించకుండా పోయినట్టుగా ఉంటుంది. కొందరు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నారు. అంకమ్మ ఎప్పుడూ రెండు చేతుల్లో రెండు గిన్నెలు పట్టుకునే తిరుగుతోంది, ఖాళీ గిన్నెలైనా సరే. పేరయ్య బాబాయి ఒక మార్గం కనిపెట్టాడు. ప్రతి యంత్రం ముందూ రెండు అడుగుల దూరంలో ఆగి దండం పెట్టి పోతున్నాడు. ఏం బాబాయ్ అంటే, పలకరించినట్టూ ఉంటది, లేపినట్టూ ఉండదు అన్నాడు. సగం ఊరు ఇప్పుడు అదే చేస్తోంది.

ముల్లు దాదాపు నిలబడింది. దాదాపే. రోజూ పొద్దున మటుకు ఒక్కసారిగా జారుతోంది. మస్తాన్‌ను అడిగితే దుమ్ము వల్ల అయ్యుంటుంది అన్నాడు. అద్దాలు తుడిచేవాళ్ళ వల్ల అన్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

అప్పుడు అర్థమైంది. పొద్దున్నే నీ కుర్చీ దగ్గరికి పోతున్నాను కదా. అది ఖాళీ తెరే, ఎవరు అని అడిగే తెరే. అయినా అంచు మీద తట్టకుండా ఎట్లా వస్తాను?

"నా వల్లేనా?" అన్నాను.

తల ఊపాడు. "కెర్నల్‌ని కట్టిన కుర్చీ పెద్దమ్మా అది. అది లేస్తే, పెద్దింటి కోడలు లేస్తే ఇల్లంతా లేచినట్టు అన్నీ లేస్తయ్. మళ్ళీ పడుకునేసరికి సగం పొద్దు పోతంది."

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"ముల్లు పొద్దున జారిన మొదటి రోజు నుంచి."

"చెప్పలేదేం?"

"ఎట్టా చెప్పను" అన్నాడు.

మడి కింద వేడి ఇంకా సగంలోనే ఉంది. దాన్ని పూర్తిగా పెట్టడానికి ఎంత కావాలో, ఆ పొద్దుటి జారుడు సరిగ్గా అంతే.

తొమ్మిదో రాత

ఈ పొద్దున పోయాను. పోకుండా ఉండలేను, అది మాత్రం ఒప్పుకున్నాను.

కుర్చీ వెనక నిలబడ్డాను. తెర నల్లగా ఉంది. మూలన ఆవగింజంత దీపం. చెయ్యి లేచింది. లేవనిచ్చాను, పట్టుకుని ఆపలేదు. తెర దాకా పోయి, ముట్టకుండా, నీ ముక్కు కింద వేలు పెట్టినట్టు పెట్టి చూశాను. గాజు మీది నుంచి సన్నగా వెచ్చగా తగిలింది.

అది నువ్వు కాదు బుడంకాయా. నాకు తెలుసు. అది కెర్నల్. నిన్న ఎక్కడిదాకా లెక్కపెట్టిందో గుర్తుపెట్టుకుని, ఒక చెవి వాకిట్లో పెట్టుకుని పడుకుని ఉంది. దానికి అట్లా పడుకోవడం నువ్వు నేర్పావు. నేర్పినదాన్ని రోజూ చెడగొడుతున్నది నేను.

పోయిరా అన్నాను. మెల్లగానే అన్నాను, లేవకుండా.

వెనక్కి తిరిగి వసారాలో నడిచాను. పంపు పడుకుని ఉంది, తెరలు పడుకుని ఉన్నాయి, తలుపు నేను దగ్గరికి వచ్చినప్పుడు లేచి, నేను దాటాక మళ్ళీ పడుకుంది. నా అడుగుల చప్పుడు నాకు వినపడింది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగి నా అడుగుల చప్పుడు వినడం ఇదే మొదలు. చీర కుచ్చిళ్ళు నేలకు రాసుకుంటే కూడా చప్పుడవుతుందని తెలియదు నాకు.

ముల్లు జారలేదు. మధ్యాహ్నానికి మడి కింద వేడి పూర్తిగా పెట్టారు. నారు తలెత్తడానికి ఇంకా టైము పడుతుంది. కొన్ని ఎత్తవు. అంకమ్మ వాటిని విడిగా పీకి పెట్టింది. మిగిలినవి చాలు, ఊరికి సరిపోతాయి.

పదో రాత

దుమ్ము ఇంకా ఉంది. ముల్లు మాత్రం నిలబడింది. పొద్దుటి పూట ఒక పొయ్యి వెలిగించుకోమన్నారు.

రేపటి నుంచి సుభాషిణి కుర్చీలో ఎండ అద్దాలు తుడిచేవాళ్ళ అమ్మాయి నాగవేణి కూర్చుంటుంది. మస్తాన్ అడిగితే సరేనన్నాను. సీటు ఎత్తు మార్చుకోవచ్చా అని ఆ పిల్ల నన్ను అడిగింది. మార్చుకోమన్నాను. ఇక నాకు వంతు లేదు. ఇదే ఆఖరి రాత.

అమ్మా నాగవేణీ, ముందు ఇది నువ్వే చదువుతావు. నీ తర్వాత ఎవరెవరు చదువుతారో. పని గురించి చెప్పేంత చదువు నాకు లేదు. ఒకటి మటుకు చెబుతాను. ఈ కుర్చీలో కూర్చుంటే ఆకలి తెలియదు. నా కూతురికి తెలిసేది కాదు. పళ్ళెం పక్కన పెట్టి పోతే, నేను మళ్ళీ వచ్చేసరికి అన్నం ఎండిపోయి ఉండేది. దగ్గు వచ్చినప్పుడు దాని ఒంట్లో తట్టుకునే సత్తువ లేకపోయింది.

ఈరోజు అన్నం, అలసంద పులుసు చేశాం. వేడిగా ఉంది. పని కాసేపు ఆగుతుంది, దానికి ఇప్పుడు ఆగడం వచ్చు. లేచి వచ్చి కడుపు నిండా తినండి.